గుండె చప్పుడు వినపడితే చాలదు: కడుపులో బిడ్డను ఎవరు, ఎప్పుడు, దేనితో వినాలి?

ఏడో నెల సీమంతం అయింది. అమ్మాయిని పుట్టింటికి తీసుకెళ్లడానికి అమ్మానాన్నలు వచ్చారు. ఆ హడావుడిలోనే ఒక పార్సిల్ వచ్చింది. విప్పి చూస్తే అరచేతిలో పట్టే చిన్న మిషను, దానికి వైరుతో మైకు లాంటిది ఒకటి, పక్కన జెల్ ట్యూబు. కడుపు మీద జెల్ రాసి మైకు ఆనిస్తే గుర్రం పరుగెత్తినట్టు టకటకమని చప్పుడు. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి విన్నారు. అత్తగారి కళ్లు చెమర్చాయి. "ఇంక భయమేముంది, రోజూ మనమే వినుకోవచ్చు" అన్నారు.

హోసూరులో అయినా, బళ్లారిలో అయినా, బరంపురం, సోలాపూర్, యానాంలలో అయినా, ఇలాంటి దృశ్యం ఇప్పుడు మన ఇళ్లకు కొత్త కాదు. రెండు మూడు వేల రూపాయలు పెడితే ఈ మిషన్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. ఆస్పత్రికి వెళ్తే డాప్లర్, ఎన్‌ఎస్‌టీ, సీటీజీ అని మరికొన్ని పేర్లు వినపడతాయి. వీటిలో ఏది అవసరం, ఏది కాదు, ఎంపిక మన చేతిలో ఎంతవరకు ఉంటుంది అన్నది నొప్పులు మొదలయ్యాక ఆలోచించే విషయం కాదు. అందుకే ముందుగానే తెలుసుకుందామని మేము ఈ వ్యాసం రాస్తున్నాం.

చప్పుడు ఏం చెబుతుంది?

గర్భం వచ్చిన ఆరు వారాల ప్రాంతంలో లోపలి నుంచి చేసే స్కానింగ్‌లో గుండె కదలిక కనిపించడం మొదలవుతుంది. ఆస్పత్రిలో వాడే చేతి డాప్లర్‌తో సాధారణంగా 10 నుంచి 12 వారాల తర్వాత వినవచ్చు. నర్సమ్మలు కడుపుకు ఆనించి చెవి పెట్టి వినే గొట్టంతో అయితే ఐదో నెల వరకు ఆగాలి. ఆ గొట్టానికి పినార్డ్ గొట్టం అని పేరు. ఫ్రాన్స్‌కు చెందిన కాన్పుల డాక్టరు అడాల్ఫ్ పినార్డ్ పేరు మీద వచ్చింది. వందేళ్లు దాటినా ఇప్పటికీ పనికొస్తోంది. దానికి కరెంటూ అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు.

నెలలు నిండే సమయానికి బిడ్డ గుండె నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకోవడం మామూలు. కొన్ని పాత పుస్తకాల్లో 120 నుంచి 160 అని ఉంటుంది. ఆస్పత్రిలో రెండు రకాల అంకెలూ వినపడితే కంగారు పడకండి. ఒక్కసారి విన్న అంకె కన్నా డాక్టర్లు చూసేది ఆ వేగం ఎలా మారుతోందన్నదే. బిడ్డ కదిలినప్పుడు కొంచెం పెరుగుతోందా? నొప్పి వచ్చి పోయాక పడిపోయి, తిరిగి లేవడానికి ఆలస్యం అవుతోందా? ఇవి తెలియాలంటే విన్న చెవికి శిక్షణ ఉండాలి.

ఇక్కడే ఒక మాట. గుండె వేగాన్ని బట్టి ఆడబిడ్డో మగబిడ్డో చెప్పవచ్చని మన పెద్దవాళ్లలో ఒక నమ్మకం ఉంది. అందులో నిజం లేదు. ఇద్దరికీ వేగం ఒకే పరిధిలో ఉంటుంది. పైగా 1994 నాటి చట్టం ప్రకారం పుట్టకముందే లింగం తెలుసుకోవడానికి పరీక్ష చేయించడమూ నేరమే, చేసి చెప్పడమూ నేరమే.

ఇంట్లో మిషను: ధీమా ఎందుకు ప్రమాదం?

డాప్లర్ చేసే పని ఒకటే. లోపల కదిలే దేన్నయినా చప్పుడుగా మారుస్తుంది. అది బిడ్డ గుండే కానక్కర్లేదు. తల్లి పొత్తికడుపులోని పెద్ద రక్తనాళం కావచ్చు, మాయలో రక్తం పారే హోరు కావచ్చు. తల్లి గుండె మామూలుగా 70, 80 కొట్టుకుంటుంది. కంగారులో 110, 120కి పోతుంది. అప్పుడు అంకె చూసి ఎవరిదో చెప్పడం కష్టం. అందుకే తెలిసిన నర్సు ఒక చేత్తో డాప్లర్ పట్టుకుని, రెండో చేత్తో తల్లి మణికట్టు నాడి చూస్తుంది. రెండూ వేరని తేల్చుకున్నాకే అంకె రాస్తుంది.

2009లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇంగ్లండుకు చెందిన ఇద్దరు డాక్టర్లు ఒక విషాదాన్ని నివేదించారు. 38 వారాల గర్భిణికి బిడ్డ కదలికలు తగ్గాయి. ఇంట్లో డాప్లర్ ఉంది. పెట్టి చూసుకుంటే చప్పుడు వినపడింది. బాగానే ఉందనుకుని ఆగింది. ఆస్పత్రికి వచ్చేసరికి బిడ్డ లేదు. ఆమె విన్నది తన నాడినో, మాయలోని రక్తప్రవాహాన్నో అయి ఉంటుందని డాక్టర్లు రాశారు. 2014లో అమెరికా ఎఫ్‌డీఏ కూడా వైద్య అవసరం లేకుండా ఇళ్లలో డాప్లర్ వాడవద్దని హెచ్చరించింది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. బిడ్డ అడ్డం తిరిగి ఉన్నా, మాయ ముందువైపు ఉన్నా చప్పుడు ఒక్కోసారి దొరకదు. బిడ్డ క్షేమంగానే ఉంటుంది, ఇంట్లో వాళ్లు మాత్రం అర్ధరాత్రి ఏడుస్తూ కూర్చుంటారు.

నిజంగా బిడ్డ గుండెనే విన్నామనుకున్నా, అది ఆ నిమిషం సంగతి మాత్రమే చెబుతుంది. కష్టంలో ఉన్న బిడ్డ గుండె కూడా చివరి దాకా కొట్టుకుంటూనే ఉంటుంది. చప్పుడు వినపడటం వేరు, బిడ్డ బాగుందని తెలియడం వేరు. ఇప్పటికే మిషను కొని ఉంటే మేము చెప్పేది ఒక్కటే. ముచ్చటకు వింటే వినండి. ఆస్పత్రికి వెళ్లాలా వద్దా అన్నది మాత్రం దాన్ని అడిగి తేల్చుకోకండి.

ఇంట్లో నమ్మదగింది కదలికే

బిడ్డ గురించి ఇంటి దగ్గర తల్లికి తెలిసే కబురు కదలిక. అది ఏ మిషనూ చెప్పలేనిది. మొదటి కాన్పులో 18 నుంచి 20 వారాల మధ్య, రెండో కాన్పులో ఇంకొంచెం ముందే తెలుస్తుంది. 24 వారాలు వచ్చినా కదలిక తెలియకపోతే డాక్టరుకు చూపించాలి.

ఏడో నెల నుంచి ప్రతి బిడ్డకూ ఒక పద్ధతి ఏర్పడుతుంది. ఒకటి భోజనం తర్వాత ఆడుతుంది, ఒకటి రాత్రి తల్లి పడుకోగానే లేస్తుంది. ఆ పద్ధతి తల్లికే తెలుసు. మధ్యలో బిడ్డ 20 నుంచి 40 నిమిషాలు నిద్రపోవడం సహజం. అనుమానం వస్తే ఎడమవైపు తిరిగి పడుకుని, టీవీ, ఫోను పక్కన పెట్టి, రెండు గంటలు కదలికల మీదే దృష్టి పెట్టాలి. ఆ రెండు గంటల్లో పది కదలికలు తెలియకపోతే వెంటనే ఆస్పత్రికి బయలుదేరాలి. పది లెక్క తేలినా, రోజూ ఉన్నట్టు లేదని తల్లికి అనిపిస్తే అప్పుడూ బయలుదేరాలి. అసలు ఏమాత్రం కదలిక లేకపోతే రెండు గంటలు కూడా ఆగక్కర్లేదు.

మన ఇళ్లలో తరచుగా వినపడే మాటలు మూడున్నాయి. "నెలలు నిండాక లోపల చోటు చాలదు, కదలిక తగ్గుతుంది" అంటారు. చోటు తగ్గి తన్నడం ఒత్తినట్టు, దొర్లినట్టు మారవచ్చు గానీ, కదలికలు మాత్రం కాన్పు దాకా తగ్గకూడదు. "తీపి తిను, చల్లటి నీళ్లు తాగు, అదే కదులుతుంది" అంటారు. తిని తాగడంలో తప్పు లేదు, దాని కోసం గంటలు పోగొట్టుకోవడం తప్పు. "రేపు ఎలాగూ చెకప్ ఉంది కదా" అంటారు. రేపటి దాకా ఆగడానికి వీల్లేనిది ఇదొక్కటే. వెళ్లాక అంతా బాగుందంటే సంతోషం. ఊరికే వచ్చారని నర్సు విసుక్కున్నా పట్టించుకోకండి.

ఆస్పత్రిలో ఎన్‌ఎస్‌టీ

కదలిక తగ్గిందని వెళ్తే, లేదా బీపీ, షుగర్ ఉన్నా, బిడ్డ బరువు పెరగకపోయినా, తేదీ దాటినా, ఎన్‌ఎస్‌టీ చేస్తారు. కడుపుకు రెండు బెల్టులు కడతారు. ఒకటి బిడ్డ గుండెను వింటుంది, రెండోది గర్భసంచి బిగుసుకోవడాన్ని కొలుస్తుంది. కాగితం మీద గీతలు వస్తాయి. ఇరవై నిమిషాల్లో కనీసం రెండుసార్లు గుండె వేగం కనీసం 15 పెరిగి, 15 సెకన్లు నిలిస్తే బాగున్నట్టు లెక్క. బిడ్డ నిద్రలో ఉంటే 40 నిమిషాల దాకా పొడిగిస్తారు. అంతసేపు ఉంచారని భయపడాల్సిన పని లేదు.

ఏ ఇబ్బందీ లేని గర్భిణికి ప్రతిసారీ ఎన్‌ఎస్‌టీ చేయించడం వల్ల బిడ్డకు మేలు జరుగుతుందనడానికి ఆధారం లేదు. అలా మామూలుగా చేయడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేయడం లేదు. బిల్లులో ప్రతి వారం ఎన్‌ఎస్‌టీ కనిపిస్తే "మా అమ్మాయికి ఇది దేని కోసం డాక్టరు గారూ?" అని అడగడం మర్యాద తప్పినట్టు కాదు.

నొప్పుల సమయంలో అసలు ఎంపిక

నిజంగా ఎంచుకోవలసింది ఇక్కడే. దారులు రెండు.

మొదటిది, విడతలు విడతలుగా వినడం. డాప్లర్‌తో గానీ, పినార్డ్ గొట్టంతో గానీ నర్సు వింటుంది. నొప్పులు జోరందుకున్నాక ప్రతి 15 నుంచి 30 నిమిషాలకు ఒకసారి, ముక్కే దశలో ప్రతి ఐదు నిమిషాలకు ఒకసారి. విన్నప్పుడల్లా కనీసం ఒక నిమిషం వినాలి, నొప్పి వచ్చి తగ్గిన వెంటనే కూడా వినాలి. మధ్యలో తల్లి లేచి నడవవచ్చు, కూర్చోవచ్చు. నడిచే, నిటారుగా ఉండే తల్లికి మొదటి దశ నొప్పుల కాలం కొంత తగ్గుతుందని అధ్యయనాలు చెబుతున్నాయి.

రెండోది సీటీజీ. ఎన్‌ఎస్‌టీకి వాడిన మిషనే. బెల్టులు కట్టి కాన్పు దాకా ఆపకుండా గీతలు తీస్తారు. తల్లి చాలావరకు మంచానికే పరిమితం అవుతుంది.

ఎప్పుడూ చూస్తూ ఉండే మిషనే మంచిదని ఎవరికైనా అనిపిస్తుంది. 1960ల చివర్లో ఈ మిషన్లు ఆస్పత్రులకు వచ్చినప్పుడు డాక్టర్లకూ అలాగే అనిపించింది. ఐర్లండులోని డబ్లిన్‌లో దాదాపు 13 వేల మంది తల్లుల మీద ఒక పెద్ద పరీక్ష జరిపి, 1985లో ఫలితాలు ప్రకటించారు. తర్వాత అలాంటి 13 అధ్యయనాలను, 37 వేలకు పైగా తల్లుల వివరాలను కాక్రేన్ సమీక్షకులు కలిపి చూశారు. ఆపకుండా మిషను పెట్టినప్పుడు పుట్టిన బిడ్డలకు ఫిట్స్ రావడం సగానికి తగ్గింది. ఇది చిన్న విషయం కాదు, అయితే ఆ ఫిట్స్ అసలే అరుదు. బిడ్డల మరణాల్లో గానీ, సెరిబ్రల్ పాల్సీలో గానీ తేడా కనపడలేదు. సిజేరియన్లు మాత్రం పెరిగాయి. వాక్యూమ్, ఫోర్సెప్స్ కాన్పులూ పెరిగాయి. ఎందుకంటే బాగున్న బిడ్డ గీతలు కూడా ఒక్కోసారి అనుమానంగా కనిపిస్తాయి. ఒకే కాగితాన్ని ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా చదవడమూ మామూలే.

ఈ ఆధారాలు చూసే 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సిఫారసు చెప్పింది. ఆరోగ్యంగా ఉండి, నొప్పులు వాటంతట అవే వచ్చిన తల్లికి విడతలుగా వినడం చాలు, ఆపకుండా సీటీజీ పెట్టవద్దని. ఆస్పత్రిలో చేరగానే అందరికీ సీటీజీ తీయడాన్నీ వద్దంది.

మిషను అవసరమైన వాళ్లు

ఇది చదివి ఎవరూ బెల్టు కట్టవద్దని పట్టుబట్టకండి. బీపీ బాగా పెరిగిన తల్లికి, షుగర్ ఉన్న తల్లికి, ముందు కాన్పు సిజేరియన్ అయినవారికి, కవలలకు, నెలలు నిండకుండా వచ్చే కాన్పుకు, బిడ్డ ఎదుగుదల తక్కువగా ఉన్నప్పుడు సీటీజీ అవసరం. ఉమ్మనీరులో బిడ్డ మలం కలిసి పచ్చగా వచ్చినా, రక్తస్రావం అయినా, తల్లికి జ్వరం వచ్చినా, నొప్పులు పెంచడానికి డ్రిప్ పెట్టినా, వెన్నుకు మత్తు ఇచ్చినా, విడతగా విన్నప్పుడు గుండె వేగం తేడాగా ఉన్నా ఆపకుండా చూడాల్సిందే. మామూలుగా మొదలైన కాన్పు మధ్యలో ఇలా మారవచ్చు. అప్పుడు డాక్టరు మాట వినాలి.

ఇంకో సంగతీ దాచకూడదు. విడతలుగా వినే పద్ధతి వినే మనిషి ఉంటేనే పనిచేస్తుంది. పదిమందికి ఒక్క నర్సు ఉన్న వార్డులో పావుగంటకు ఒకసారి వినడం కాగితం మీదే మిగలవచ్చు. మిషను గీతలు గీస్తున్నా వాటిని చదివేవారు లేకపోతే అదీ అంతే. అందుకే ఏ మిషను ఉంది అనే ప్రశ్న కన్నా, రాత్రిపూట వినేది ఎవరు అనే ప్రశ్న ముఖ్యం.

ఎందుకింత చెబుతున్నామంటే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సిజేరియన్ కాన్పులు తెలంగాణలో నూటికి 60.7, తమిళనాడులో 44.9, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, కర్ణాటకలో 31.5, మహారాష్ట్రలో 25.4, ఒడిశాలో 21.6. దేశమంతా కలిపి 21.5. దీనికి కారణాలు చాలా ఉన్నాయి, మిషను ఒక్కటే కాదు. అవసరమైనప్పుడు ఆపరేషన్ తల్లినీ బిడ్డనూ కాపాడుతుంది. కానీ ఒడిశాలో ఉన్న అమ్మాయి కాన్పుకు తెలంగాణలోని పుట్టింటికి వెళ్తే, ఆమె వెళ్లే చోట ఆనవాయితీయే వేరు. ఆ సంగతి తెలిసి వెళ్లడం మంచిది.

రెండు రాష్ట్రాల మధ్య కాన్పు

మొదటి కాన్పు పుట్టింట్లో అన్నది మన ఆచారం. రాష్ట్రేతర తెలుగు ఇళ్లలో దీని అర్థం చాలాసార్లు ఏడో నెలలో రాష్ట్రం మారడం. అంటే కదలికలు గమనించాల్సిన నెలల్లోనే డాక్టరు మారుతున్నారు, ఆస్పత్రి మారుతోంది, కాగితాల భాష మారుతోంది. బయలుదేరే ముందు తల్లీబిడ్డల కార్డు, కర్ణాటకలో అయితే తాయి కార్డు, తమిళనాడులో అయితే పిక్మీ నంబరు, స్కానింగ్ రిపోర్టులు అన్నీ ఒక సంచిలో పెట్టుకోండి. బీపీ, షుగర్, బ్లడ్ గ్రూపు, ముందు కాన్పు వివరాలు ఒక కాగితం మీద డాక్టరు చేత ఇంగ్లీషులో రాయించుకోండి. వెళ్లిన వారంలోపే అక్కడి ఆశా కార్యకర్తను కలిసి పేరు రాయించండి. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆస్పత్రుల్లో గర్భిణులకు డాక్టరు ఉచితంగా చూసే కార్యక్రమం ఉంది. ప్రభుత్వ ఆస్పత్రిలో కాన్పు, ఆపరేషన్ అయినా సరే, మందులతో సహా ఉచితం.

దీనికి ఎదురుగా మరో పరిస్థితి ఉంది. ఆంధ్ర నుంచి మన ఊళ్లకు కోడలిగా వచ్చి, ఇక్కడే కాన్పు అయ్యే అమ్మాయికి ఇక్కడి భాష ఇంకా పట్టుబడి ఉండదు. భర్త డ్యూటీలో ఉన్నప్పుడు కదలిక తగ్గితే నర్సుకు ఫోనులో ఏమని చెబుతుంది? ఈ ఒక్క వాక్యం నేర్పించండి. "బిడ్డ కదలిక తగ్గింది" అని:

కన్నడంలో: మగువిన చలనె కడిమె ఆగిదె.
తమిళంలో: కుళందై అసైవు కురైంజిరుక్కు.
మరాఠీలో: బాళాచీ హాల్‌చాల్ కమీ ఝాలీ ఆహే.
ఒడియాలో: పిలార హలచల కమి జాఇఛి.

యానాం వాళ్లకు భాష చిక్కు లేదు. వాళ్లు ముందే తేల్చుకోవలసింది, పరిస్థితి మారితే కాకినాడకు ఎలా వెళ్లాలి, ఏ బండిలో వెళ్లాలి అన్నది.

ముందే అడగాల్సినవి

ఎనిమిదో నెల చెకప్‌కు వెళ్లినప్పుడు ఈ ప్రశ్నలు అడగండి.

ఒకటి: మా అమ్మాయికి ఏదైనా ప్రమాద సూచన ఉందా, లేక మామూలు కాన్పేనా?
రెండు: నొప్పుల సమయంలో గుండె చప్పుడు దేనితో వింటారు, ఎంతసేపటికి ఒకసారి?
మూడు: మధ్యలో లేచి నడవనిస్తారా?
నాలుగు: రాత్రిపూట, ఆదివారం వినేది ఎవరు?
ఐదు: గీతల్లో తేడా వస్తే ముందు ఏం చేస్తారు? పక్కకు తిప్పి పడుకోబెట్టడం, డ్రిప్ ఆపడం లాంటివి చేసి చూస్తారా?
ఆరు: ఆపరేషన్ అవసరమైతే ఇక్కడే చేస్తారా, వేరే చోటికి పంపుతారా?

విసుక్కోకుండా జవాబు చెప్పే చోటు మంచి చోటని మా అభిప్రాయం. ఆ జవాబులు అమ్మాయి ఒక్కతే కాదు, ఆమెతో పాటు ఆస్పత్రిలో ఉండబోయే అమ్మ, అత్తగారు, భర్త కూడా వినాలి. నొప్పుల్లో ఉన్న మనిషి ప్రశ్నలు వేయలేదు.

ఇక ఆ పార్సిల్‌లో వచ్చిన మిషను సంగతి. అది బీరువాలో ఉన్నా నష్టం లేదు. రాత్రి పదకొండు గంటలకు అమ్మాయి వచ్చి "అత్తయ్యా, సాయంత్రం నుంచి సరిగ్గా కదలడం లేదు" అంటే మాత్రం బీరువా తెరవకండి. 108కి ఫోను చేయండి, లేదా ఆటో పిలవండి.